ప్రసాదానికీ వేళ ఉంది

శ్రీ మహాగణాధిపతయే నమః



ఏటా ఈ పండుగల సంచికలో పెద్దలు వ్రత విధానాలు, పురాణ కథలు రాస్తుంటారు. ఈసారి మమ్మల్ని కూడా నాలుగు మాటలు రాయమన్నారు. పండుగ రోజు గురించి చెప్పగలవారు చాలామంది ఉన్నారు కాబట్టి, మేము పండుగ మర్నాటి గురించి రాస్తామని చెప్పాము. పండుగ మర్నాడు ప్రతి ఇంట్లోనూ ఒక దృశ్యం కనిపిస్తుంది. ఫ్రిజ్ తలుపు తీసి, మూతలు పెట్టిన గిన్నెల ముందు నిలబడి ఇల్లాలు అడుగుతుంది, "ఇది తినవచ్చా? పారేయాలా?" అని. ఆ గిన్నెలో ఉన్నది మామూలు కూర అయితే జవాబు తేలిక. ప్రసాదమైతే చెయ్యి ఆగిపోతుంది. పారేస్తే పాపమేమోనని భయం, తింటే ఏమవుతుందోనని ఇంకో భయం.

ఈ సందేహానికి జవాబు మేము పుస్తకాల్లో నేర్చుకోలేదు. మేము చేసిన ఒక తప్పు వల్ల నేర్చుకున్నాము. అందుకే ముందు ఆ తప్పు చెప్పుకుంటాము.

మేము 2008 నుంచి 2014 వరకు సౌదీ అరేబియాలోని ఖమీస్ ముషైత్‌లో ఉన్నాము. మాలో ఒకరు రష్యాలో వైద్యం చదివి వచ్చి, అక్కడ ఒక ప్రైవేటు క్లినిక్‌లో డాక్టరుగా పనిచేసేవారు. డాక్టరు చదువు ఒకరిదే గానీ తప్పు మాత్రం ఇద్దరిదీ. సౌదీ అనగానే ఎడారి, ఎండ గుర్తుకు వస్తాయి. కానీ ఖమీస్ ముషైత్ అసీర్ కొండల మీద, సముద్ర మట్టానికి సుమారు 2000 మీటర్ల ఎత్తున, అభా పట్టణానికి దగ్గరలో ఉంటుంది. రియాద్‌లో 45 డిగ్రీల ఎండ కాసే రోజుల్లో కూడా అక్కడ అంత వేడి ఉండదు. వేసవిలో వానలు పడతాయి. రాత్రి దుప్పటి కప్పుకోవాలి. అరబ్బీలో 'ఖమీస్' అంటే గురువారం. గురువారం సంత జరిగే చోటు కనుక ఆ పేరు వచ్చింది.

అక్కడ గుడి లేదు. ఎవరి ఇంట్లో వారు తలుపులు వేసుకుని, గంట మోగించకుండా పూజ చేసుకునేవారు. పండుగ వస్తే నలుగురూ ఒక ఇంట్లో కలిసేవారు. ఆ ఏడాది, అంటే 2011లో, వినాయక చవితి సెప్టెంబరు 1న వచ్చింది. ఆ రోజు గురువారం. అప్పట్లో సౌదీలో గురు, శుక్రవారాలు సెలవు. పైగా రంజాన్ పండుగ అయిన రెండో రోజు. అందరికీ తీరిక దొరికింది. నలభై మందిని మా ఇంటికి పిలిచాము.

పొద్దున్నే ఉండ్రాళ్ళు, కుడుములు, చక్కెర పొంగలి చేయాలి. పొయ్యి ఖాళీ ఉండదని, పులిహోరకూ దద్ధ్యోజనానికీ కావలసిన అన్నం బుధవారం రాత్రి పది గంటలకే వండి, పెద్ద గిన్నెలో పోసి, మూత పెట్టి బాల్కనీలో ఉంచాము. "ఈ ఊరే ఒక ఫ్రిజ్ కదా" అనుకున్నాము. పొద్దున సగం అన్నంలో చింతపండు పులుసు కలిపాము. మిగతా సగంలో పెరుగు కలిపాము. సాయంత్రానికి పులిసిపోకుండా పాలు కాస్త ఎక్కువే పోశాము. పూజ అయింది, నైవేద్యం పెట్టాము, అందరూ తృప్తిగా భోజనం చేశారు. మిగిలింది రాత్రి దాకా బల్ల మీదే ఉంది. రాత్రి పదింటికి, అలసిపోయి, గిన్నెను గిన్నెలాగే ఫ్రిజ్‌లోకి నెట్టాము.

మర్నాడు శుక్రవారం మధ్యాహ్నం వేడిగా అన్నం, పప్పుచారు వండుకుని తిన్నాము. నిన్నటి అన్నం తినాలని మాకు అనిపించలేదు. పారేయడానికి మనసు రాలేదు. సాయంత్రం ఆరింటికి డబ్బాల్లో సర్ది, ఊరి చివర ఒక గదిలో ఉండే ఆరుగురు తెలుగువాళ్ళకు పంపాము. నిజామాబాద్, కరీంనగర్, కడప జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. ఒకరు డ్రైవరు, మిగతావారు తాపీ పని, పెయింటింగు పని చేసేవారు. ముందు రోజు పని ఉండి పూజకు రాలేకపోయారు. ప్రసాదం పంపించామని మాకు ఎంతో తృప్తిగా అనిపించింది.

రాత్రి పదిన్నరకు ఫోను మోగింది. "డాక్టరన్నా, నలుగురికి ఒకటే వాంతులు." వెళ్ళి చూస్తే గదిలో బకెట్లు, నేల మీద పడుకున్న మనుషులు. దద్ధ్యోజనం తిన్న ఐదుగురిలో నలుగురు పడిపోయారు. పులిహోర మాత్రమే తిన్న అతనికి ఏమీ కాలేదు. నలుగురిలో పెద్దాయనకు షుగరు. ఆయన నోట్లో నీటి చుక్క నిలవడం లేదు. ఆసుపత్రికి తీసుకువెళ్ళి సెలైన్ పెట్టించాము. తెల్లవారేసరికి అందరూ తేరుకున్నారు. దేవుడి దయ.

సెలైన్ ఎక్కుతుండగా ఆ పెద్దాయన అన్న మాట ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. "అన్నం కొంచెం జిగటగా అనిపించింది సారూ. దేవుని ప్రసాదం కదా అని కళ్ళకద్దుకుని తిన్నం."

ఆ రాత్రి ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాము. అన్నం వండినప్పటి నుంచి వాళ్ళకు పంపేదాకా నలభై నాలుగు గంటలు. అందులో ఫ్రిజ్‌లో ఉన్నది ఇరవై గంటలు. బయట ఉన్నది ఇరవై నాలుగు గంటలు. మేము మాత్రం "ఫ్రిజ్‌లో పెట్టి ఒక్క రోజే కదా" అనుకున్నాము. ఇదీ మేము చేసిన మొదటి తప్పు. రెండో తప్పు ఇంతకంటే పెద్దది, దాని గురించి చివర చెబుతాము.

శాస్త్రం ఏమంటుంది?

భగవద్గీత 17వ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ ఆహారాన్ని కూడా మూడు గుణాలుగా విభజించాడు. 10వ శ్లోకంలో తామసాహారం గురించి చెబుతూ రెండు మాటలు వాడాడు. ఒకటి 'యాతయామం', రెండోది 'పర్యుషితం'. యామం అంటే జాము, మూడు గంటలు. వండిన తరువాత జాము గడిచిపోయిన ఆహారం యాతయామమని చాలామంది పెద్దలు అర్థం చెప్పారు. ఆదిశంకరులు ఆ మాటకు సరిగా ఉడకనిదని అర్థం చెప్పి, పర్యుషితం అంటే వండాక రాత్రి గడిచినదని వివరించారు. మొత్తం మీద మనవాళ్ళు వంటను రంగు, రుచి, వాసనలతో పాటు గడియారంతో కూడా కొలిచారని మనం గమనించాలి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గీతలో సూక్ష్మజీవుల గురించి ఉందని మేము అనడం లేదు. ఆ శ్లోకం చెప్పేది మనసు గుణాల గురించి. ఎలాంటి స్వభావం ఉన్నవారికి ఎలాంటి తిండి ఇష్టమో చెబుతుంది. వైద్యశాస్త్రం చెప్పేది శరీరం గురించి. రెండూ వేరు వేరు దారులు. అయినా రెండూ ఒకే ప్రశ్న అడుగుతున్నాయి, "వండి ఎంతసేపయింది?" అని.

"ప్రసాదం పాడవదు, దేవుడికి నివేదించినదానికి దోషం లేదు" అని కొందరు పెద్దలు అంటారు. ఈ మాటకు ఆధారం లేకపోలేదు. మనుస్మృతి 5వ అధ్యాయంలో నిలవ ఉన్న ఆహారం గురించి చెబుతూ, నేయి, నూనె వంటివి కలిసినదానికీ, హోమంలో మిగిలిన హవిస్సుకూ మినహాయింపు ఇచ్చారు. అయితే నూనె, నేతి పదార్థాల విషయంలో, అది చెడిపోనిదై ఉండాలన్న షరతు కూడా అక్కడే పెట్టారు. పైగా ఆ మినహాయింపు ఆచారానికి సంబంధించినది. ఎంగిలి, మైల వంటి దోషాలు ప్రసాదానికి అంటవని భావం. పాలు కలిపిన అన్నం బల్ల మీద పన్నెండు గంటలు ఉన్నా ఏమీ కాదని ఏ శాస్త్రమూ చెప్పలేదు. దేవుడు స్వీకరించినది మన భక్తిని. గిన్నెలో మిగిలిన అన్నాన్ని కాపాడే బాధ్యత ఆయన మనకే వదిలాడు.

వైద్యం ఏమంటుంది?

అన్నంలో వచ్చే ముఖ్యమైన చిక్కు బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా. ఇది మట్టిలో ఉంటుంది, పొలం నుంచే బియ్యంతో పాటు మన ఇంటికి వస్తుంది. గింజలో మొలక దాగి ఉన్నట్టు ఇది గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతుంది. ఆ నిద్రావస్థను స్పోరు అంటారు. అన్నం ఉడికినా స్పోరు చావదు. ఖమీస్ ముషైత్ ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మైదానంలో 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. రెండు చోట్లా ఈ స్పోర్లు బతికి బయటపడగలవు. అన్నం గోరువెచ్చగా మారినప్పుడు అవి మేలుకుని పెరుగుతాయి. పెరుగుతూ ఒక విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషం అన్నంలో తయారైతే మళ్ళీ వేడి చేసినా పోదు. మైక్రోవేవ్‌లో పెట్టినా పోదు, ప్రెషర్ కుక్కర్‌లో పెట్టినా పోదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపల వాంతులు మొదలవుతాయి. 1970వ దశకం మొదట్లో బ్రిటన్‌లో, ముందుగా వండి బయట ఉంచిన అన్నంతో చేసిన ఫ్రైడ్ రైస్ తిని జబ్బు పడినవారిలో వైద్యులు దీనిని గుర్తించారు.

మా ఊళ్ళో ఆ రోజు మిగిలిన అన్నాన్ని పరీక్షకు పంపలేదు. కానీ అన్నం, పాలు, రెండున్నర గంటల్లో వాంతులు, జ్వరం లేకపోవడం చూస్తే అదే అయి ఉండాలని మా నమ్మకం. చల్లటి ఊరు మమ్మల్ని కాపాడలేదు. ఎందుకంటే పెద్ద గిన్నెలో అన్నం పైన చల్లబడినా మధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. చింతపండు పులుపు వల్ల పులిహోరలో ఆ క్రిమి అంత సులువుగా పెరగలేదు. దద్ధ్యోజనంలో పెరుగు పులుపును మేము పోసిన పాలు విరిచేశాయి. పులవకూడదని చేసిన పనే కొంప ముంచింది.

ఇంకో విషయం. ఫ్రిజ్ సూక్ష్మజీవులను చంపదు. వాటి పెరుగుదలను నెమ్మది చేస్తుంది, అంతే. అది కూడా లోపల 4 డిగ్రీల సెల్సియస్, అంటే 40 డిగ్రీల ఫారన్‌హీట్, లేదా అంతకంటే చల్లగా ఉంటేనే. 2003లో బెల్జియంలో ఒక కుటుంబం శుక్రవారం పాస్తా సలాడ్ చేసుకుని, శనివారం పిక్నిక్‌కు తీసుకువెళ్ళి, మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టి, సోమవారం రాత్రి పిల్లలకు పెట్టారు. ఐదుగురు పిల్లలూ జబ్బుపడ్డారు. ఏడేళ్ళ అమ్మాయి కాలేయం దెబ్బతిని చనిపోయింది. కారణం ఈ క్రిమే. తరువాత చూస్తే ఆ ఫ్రిజ్‌లో 14 డిగ్రీలు ఉంది. ఆ తల్లిదండ్రులు పిల్లలకు ఫ్రిజ్‌లో పెట్టినదే పెట్టారు. మనమూ రోజూ అదే చేస్తాము. పండుగ నాడు గాలి ఆడకుండా గిన్నెలు కుక్కినప్పుడు మన ఫ్రిజ్ ఎన్ని డిగ్రీల్లో ఉందో మనలో ఎంతమందికి తెలుసు? కొద్ది డాలర్లకు దొరికే ఫ్రిజ్ థర్మామీటరు ఒకటి కొని లోపల పెట్టమని అందరినీ కోరుతున్నాము.

ఆచరణలో ఏం చేయాలి?

అమెరికా వచ్చాక మేము ఇక్కడి ప్రభుత్వ సూచనలు, బ్రిటన్ సూచనలు చదివి, మన వంటలకు తగినట్టు ఒక లెక్క పెట్టుకున్నాము. అవసరమైనవారు పాటించవచ్చు.

1. వంట దించిన తరువాత, లేదా వేడిగా ఉంచడం ఆపిన తరువాత, రెండు గంటల లోపల ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. బయట 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన ఎండలో, అంటే పార్కులో వనభోజనాల వంటి చోట్ల, ఒక గంట లోపలే. పూజ, హారతి, కథ, భోజనాలు అన్నీ కలిపితే రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి. కాబట్టి నైవేద్యానికి చిన్న గిన్నెలో తీసి దేవుడి ముందు పెట్టండి. మిగతాది పొయ్యి మీద వేడిగానో, ఫ్రిజ్‌లో చల్లగానో ఉంచండి. భోజనాలు అయ్యాక మిగులు సర్దుదామని కాకుండా, వడ్డన మధ్యలోనే సగం తీసి లోపల పెట్టండి.

2. పెద్ద గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టవద్దు. రెండు అంగుళాల కంటే లోతు లేని డబ్బాల్లో పల్చగా సర్దితే త్వరగా చల్లబడుతుంది. కొంచెం వెచ్చగా ఉన్నా పెట్టవచ్చు. పూర్తిగా చల్లారేదాకా బయట ఉంచడమే ప్రమాదం.

3. అన్నంతో చేసినవి, అంటే తెల్లన్నం, దద్ధ్యోజనం, చక్కెర పొంగలి, మా ఇంట్లో ఒక్క రోజే. బ్రిటన్‌లో కూడా అన్నానికి 24 గంటలే చెబుతారు. పులిహోర పులుపు బాగా పట్టినదైతే రెండు రోజులు. కొబ్బరి పచ్చడి ఒక రోజు. పప్పు, సాంబారు, కూరలు మూడు రోజులు. ఇక్కడి ప్రభుత్వ సూచన మూడు, నాలుగు రోజులు. గారెలు, బూరెలు రెండు రోజులు. అరిసెలు, చక్కిలాలు తడి లేనివి కనుక ఈ లెక్కలోకి రావు. ఈ రోజులన్నీ వెంటనే ఫ్రిజ్‌లో పెట్టినవాటికే వర్తిస్తాయి. సగం రోజు బల్ల మీద ఉన్నదానికి ఏ లెక్కా లేదు.

4. తినేముందు పొగలు వచ్చేదాకా, అంటే 165 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా, మధ్యలో కలుపుతూ వేడి చేయండి. ఒక్కసారే వేడి చేయండి, తినగలిగినంతే తీయండి.

5. గర్భిణులు, పసిపిల్లలు, అరవై ఐదు దాటిన పెద్దలు, షుగరు, కిడ్నీ జబ్బులు, కాన్సరు మందులు వాడేవారు నిన్నటిది మానేసి ఏ రోజుదారోజు తింటే మంచిది. లిస్టీరియా అనే క్రిమి ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. గర్భంలోని బిడ్డకు అది ప్రాణాంతకం.

6. వాసన చూసి నిర్ణయించవద్దు. మనకు వాంతులు తెప్పించే క్రిమి చాలాసార్లు వాసన మార్చదు. డబ్బా మీద ఒక టేపు ముక్క అంటించి రోజు, వేళ రాయండి. ముక్కు మాట కాదు, ఆ టేపు మాట వినండి.

ఎవరికైనా వాంతులు మొదలైతే ఓ.ఆర్.ఎస్. పొట్లం దాని మీద రాసినన్ని నీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా పట్టండి. నీళ్ళు కూడా నిలవకపోయినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా, కళ్ళు పచ్చబడినా, విరేచనంలో రక్తం ఉన్నా, జ్వరం ఎక్కువగా ఉన్నా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

మరి చద్దన్నం మాటేమిటి?

ఈ సంగతులు చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, "మా తాతలు చద్దన్నం తిని నూరేళ్ళు బతికారు కదా?" అని. నిజమే. పోతనగారి భాగవతంలో బాలకృష్ణుడు గోపబాలురతో కలిసి యమునా తీరాన తిన్నది చల్దులే. పెద్దల మాటను మనం చద్దిమూటతోనే పోల్చుకుంటాము. సద్దుల బతుకమ్మ రోజు చేసే నైవేద్యాలకు పేరే సద్దులు. అయితే సాంప్రదాయిక చద్దన్నానికీ మన ఫ్రిజ్ అన్నానికీ పెద్ద తేడా ఉంది. మన అమ్మమ్మలు రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి, మట్టి కుండలో పులియబెట్టేవారు. ఆ పులుపు చెడ్డ క్రిములను అదుపు చేసేది. తెల్లవారగానే తినేవారు, మధ్యాహ్నం దాకా ఉంచేవారు కాదు. పచ్చి మిరపకాయ, ఉల్లిపాయతో ఆ పొద్దుటికి అయిపోయేది. ఫ్రిజ్ లేని రోజుల్లో అన్నానికి పన్నెండు గంటల ఆయుష్షు ఇచ్చిన పద్ధతి అది. మనం ఆ పద్ధతిని వదిలేసి, పేరు మాత్రం పట్టుకుని, వారం నాటి అన్నాన్ని చద్దన్నం అంటున్నాము. సద్దులు కూడా అంతే. పెరుగు సద్ది, చింతపండు సద్ది, నిమ్మకాయ సద్ది చేసి, బతుకమ్మను సాగనంపి, అక్కడికక్కడే అందరికీ పంచిపెట్టి ఖాళీ గిన్నెలతో ఇంటికి వస్తారు.

గిన్నె ఖాళీ కావడమే పండుగకు అందం. ద్రౌపది అక్షయపాత్రను గుర్తు చేసుకోండి. ధర్మరాజుకు సూర్యభగవానుడు ఇచ్చిన ఆ పాత్ర ఎంతమందికైనా అన్నం పెట్టేది, కానీ ద్రౌపది భోజనం చేసేదాకానే. ఆమె తిని పాత్ర కడిగితే ఆ రోజుకు అంతే. ఎన్ని వేలమందికి పెట్టగలిగిన పాత్ర అయినా రేపటికి దాచి ఉంచలేదు. దూర్వాసుడు శిష్యులతో వచ్చినప్పుడు కృష్ణుడు పాత్ర అంచున అంటిన ఆకుకూర మెతుకు తిన్నాడు కదా అంటారేమో, అది ఆ పూట వండినదే!

ద్రౌపది అందరికంటే చివర తినేది. మన ఇళ్ళలోనూ అమ్మ చివరే తింటుంది. తేడా ఏమిటంటే, మన ఇంటి అమ్మ ముందు మొన్నటి కూర, నిన్నటి అన్నం ఖాళీ చేసి, కడుపులో చోటుంటే ఈ రోజు వంట తింటుంది. పిల్లలకు, భర్తకు తాజాది పెట్టి, పాతది తనకు పెట్టుకోవడం ఆమెకు అలవాటు. అమెరికాలో మనవల్ని చూసుకోవడానికి వచ్చిన మా అమ్మ కూడా ఇదే చేసేది. "పారేయడం ఎందుకురా, నేను తింటాలే" అనేది. ఆమెకు షుగరు, బీపీ. ఇంట్లో అందరికంటే పాత అన్నం తినకూడని మనిషే రోజూ దానిని తింటున్నదని గమనించడానికి మాకు నెలలు పట్టింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాము. పిల్లలకు పెట్టలేనిది అమ్మ కూడా తినదు. ఈ ఒక్క నియమంతో మా ఇంట్లో వంట కొలత తగ్గింది.

రెండో తప్పు

ఇప్పుడు మేము మొదట చెప్పిన రెండో తప్పు దగ్గరికి వస్తాము. కఠోపనిషత్తులో నచికేతుడి కథ మీ అందరికీ తెలుసు. తండ్రి వాజశ్రవసుడు యజ్ఞం చేసి ఆవులను దానం చేస్తున్నాడు. అవి పాలివ్వలేని, ఈతకు రాని ముసలి ఆవులు. ఇంటికి బరువైనవాటిని వదిలించుకుంటూ, దానికి దానమని పేరు పెట్టాడు. చిన్నవాడైన నచికేతుడికి అది చూసి మనసు కలుక్కుమంది. "నన్ను ఎవరికిస్తావు?" అని తండ్రిని పదే పదే అడిగాడు.

ఆ శుక్రవారం ఖమీస్ ముషైత్‌లో మేము చేసింది అదే. మాకు తినబుద్ధి కానిదాన్ని, మా పిల్లలకు పెట్టనిదాన్ని, డబ్బాలో సర్ది, ప్రసాదమని పేరు పెట్టి, ఎండలో పనిచేసి వచ్చే మనుషులకు పంపాము. వాళ్ళు మమ్మల్ని నమ్మారు. మమ్మల్ని కాదు, మేము వాడిన 'ప్రసాదం' అన్న మాటను నమ్మారు. ఆ మాట వల్లే జిగటగా ఉన్నా పారేయలేదు. క్రిమి చేసిన హాని కంటే ఆ మాటను మేము వాడుకున్న తీరు మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది.

తరువాత ఏడాది చవితికి మేము వంట సగానికి తగ్గించాము. అన్నం పొద్దున్నే వండాము. నైవేద్యం అయిన అరగంటకల్లా, మేము విస్తళ్ళు వేసుకోకముందే, ఆ గదికి వేడివేడిగా మొదటి డబ్బా పంపాము. ఆ పెద్దాయన ఫోను చేసి, "సారూ, ఈసారి మీరు ఇంకా తినలేదా?" అని నవ్వారు. తినలేదని చెప్పాము.

ఇక్కడ కూడా మన గుడి నుంచి, మన ఇళ్ళ నుంచి మిగిలినవి పక్కింటివారికి, చదువుకునే పిల్లలకు, ఇల్లు శుభ్రం చేయడానికి వచ్చేవారికి ఇస్తుంటాము. మంచి అలవాటే. ఇచ్చేముందు ఒక్కటి అడుగుదాం. "దీన్ని ఇప్పుడు నా బిడ్డకు పెడతానా?" పెడతామంటే ఇద్దాం. పెట్టమంటే ఎవరికీ ఇవ్వవద్దు. ఇవ్వాలనుకున్నది మిగిలిన తరువాత కాదు, వండిన వెంటనే తీసి పెడదాం.

ఇంక పారేయడం పాపమా? అన్నాన్ని నిందించవద్దని, తిరస్కరించవద్దని తైత్తిరీయోపనిషత్తు బోధిస్తుంది. అందులో సందేహం లేదు. కానీ అన్నాన్ని అవమానించేది పారేసిన క్షణం కాదు. తినగలిగినదానికంటే నాలుగింతలు వండినప్పుడు, దాన్ని బల్ల మీద వదిలేసి కబుర్లలో పడినప్పుడు ఆ అవమానం జరిగిపోయింది. మనిషికి జీవమివ్వాల్సిన అన్నాన్ని విషం కానివ్వడం కంటే పెద్ద నింద ఉందా? వేళ దాటిన ప్రసాదాన్ని చెత్తబుట్టలో పడేయడానికి మనసొప్పకపోతే, పెరట్లో మట్టి తవ్వి, నమస్కారం చేసి, భూమాతకు అప్పగించండి. మట్టి వినాయకుణ్ణి నీళ్ళలో కలిపేటప్పుడు మనం బాధపడుతూనే సాగనంపుతాం కదా. పూజించిన మూర్తికే వేళ ఉన్నప్పుడు ప్రసాదానికి ఉండదా?

ఈ నవరాత్రులు తొమ్మిది రోజులూ తొమ్మిది నైవేద్యాలు చేసే తల్లులందరికీ మా మనవి. కొంచెమే వండండి. వేడిగా పంచండి. డబ్బా మీద వేళ రాయండి. మిగిలితే ముందు మీరు తినకుండా ఆగండి. అమ్మవారికి పెట్టిన చేతులు చల్లగా ఉండాలి.

అందరికీ ఆయురారోగ్యాలు కలగాలని ఆ విఘ్నేశ్వరుణ్ణి, ఆ జగన్మాతను ప్రార్థిస్తున్నాము.

స్వస్తి.